మెట్టపల్లెలలో నీడయు, అరుగును, కంచెయు

ఇల్లనగా నాలుగు గోడలును పైకప్పును మాత్రమే యని మనలో చాలమంది యెంచుచుందురు. కాని మెట్టనేలల పల్లెలలో సంసారము గోడల లోపల జరుగునది కొంచెము, వెలుపల జరుగునది విస్తారము. ధాన్యము చెఱుగుట, బీడీలు చుట్టుట, పశువులను కట్టుట, చుట్టములను కూర్చుండబెట్టుట, వేసవిరాత్రులందు నిద్రించుట, ఇవి యన్నియు ముంగిటను పెరటిలోను జరుగు పనులు. అందుచేత ఇంటి ముందరి అరుగును, దానిపై పందిరియు, చుట్టునున్న కంచెయు ఇంటికి అలంకారములు గావు. అవి ఇంటిలో సగభాగము. ఈ సగభాగమును ఎట్లు కట్టుకొనవలెనో, ఏల అట్లు కట్టుకొనవలెనో, మాకు తెలిసినంతవఱకు విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

కామారెడ్డినుండి సిరిసిల్లకు పోవు బాటమీదనున్న మాచారెడ్డి మొదలుకొని పడమట ఎల్లారెడ్డివఱకు గల సీమ మనకు పరిచితమైనదే. ఇది 2016 అక్టోబరు 11వ తేదీన నిజామాబాదునుండి వేఱుపడిన కామారెడ్డి జిల్లాలోనిది. మంజీరానదిపై 1923లో ఆరంభింపబడి 1931లో ముగిసిన నిజాంసాగరము ఈ జిల్లాలోనిదే యైనను, దాని నీరు పల్లమునకు పాఱునుగాని మెట్టకు ఎక్కదు. మాచారెడ్డివైపు నేల యంతయు గుట్టలు, బండలు, ఎఱ్ఱని చెలకలు. ఇచటి చెఱువులును బావులును వానను నమ్ముకొన్నవి. జూన్ మొదలు సెప్టెంబరువఱకు వాన. ఫిబ్రవరి దాటిన పిదప ఆకాశమున మబ్బు కనబడుట అరుదు. ఏప్రిల్, మే మాసములలో ఎండ నలువది డిగ్రీలను దాటుట సామాన్యము. మన సీమ ఎడారి గాదు. అయినను ఏటికి మూడు నెలలు మనము ఎడారివాసులవలెనే బ్రదుకవలసియున్నది.

ఎండ యనునది కేవలము బాధ గాదు, ప్రాణాపాయము. 2015వ సంవత్సరము మేనెలలో వీచిన వడగాలులకు మన దేశమున రెండువేలకు పైగా జనులు మృతినొందిరి. వారిలో పెక్కురు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు. వడదెబ్బకు ముందుగా లోబడువారు ముసలివారును, ఎండలో పనిచేయు కూలివారును. వారికి మందుకంటె ముందు కావలసినది నీరును నీడయు. 2005లో చేయబడిన జాతీయ గ్రామీణ ఉపాధి చట్టము సైతము పనితావున త్రాగునీరును, పిల్లలకు నీడయు కల్పింపవలెనని విధించెను. శాసనము చేసినవారు నీడను నీటి ప్రక్కనే నిలిపిరి. మనము ఇండ్లు కట్టునపుడు ఆ మాత్రపు గౌరవము నీడకు ఇచ్చుచున్నామా?

1. సూర్యుడు ఎటనుండి వచ్చును?

పందిరి వేయువారు మొదట చూడవలసినది కఱ్ఱను గాదు, సూర్యుని. మాచారెడ్డి భూమధ్యరేఖకు ఉత్తరమున ఇంచుమించు 18 డిగ్రీల 20 నిమిషముల అక్షాంశమునందున్నది. మేనెల 13వ తేదీ ప్రాంతమున మధ్యాహ్నసూర్యుడు సరిగా మన నడినెత్తిన నిలుచును. ఆ సమయమున నిలువుగా పాతిన కఱ్ఱకు నీడ యుండదు. అది మొదలు జూలై కడపటి దినములవఱకు మధ్యాహ్నమున సూర్యుడు మనకు ఉత్తరముగానే యుండును. డిసెంబరు 22 ప్రాంతమున దక్షిణాకాశమున 48 డిగ్రీల యెత్తుననే యుండును. మన గడియారములు మీర్జాపురము సమీపమున బోవు 82½ డిగ్రీల రేఖను అనుసరించునవి గాన, ఇచట సూర్యుని మధ్యాహ్నము వేసవిలో గడియారపు పండ్రెండు గంటలకు సుమారు పావుగంట తరువాత వచ్చును.

దీనివలన తెలియు మొదటి విషయము దక్షిణపు చూరును గూర్చినది. దక్షిణపు గోడనుండి నాలుగడుగుల చూరు ముందునకు సాచినచో, డిసెంబరు మధ్యాహ్నమున దాని నీడ చూరంచు మట్టమునుండి నాలుగున్నర యడుగులు మాత్రమే గోడపై దిగును. ఆ క్రింద వెచ్చని యెండ పడును. ఏప్రిల్ మధ్యాహ్నమున అదే చూరు గోడ నంతటిని కప్పును. చలికాలమున ఎండనిచ్చి వేసవిలో నీడనిచ్చు ఈ నేర్పునకు ఖర్చేమియు లేదు. కొలత తెలిసిన జాలును.

రెండవ విషయము పడమటి ఎండ. వేసవి సెలవులలో మా విద్యార్థులకు మేము చెప్పు ప్రయోగ మొకటి కలదు. మేనెల నడుమ ఒక మూర పొడవుగల కఱ్ఱను నేలపై నిలువుగా నిలిపి, దాని నీడను కొలువవలెను. సూర్యుని మధ్యాహ్నమునకు మూడు గంటల తరువాత నీడ ఇంచుమించు కఱ్ఱయంతే యుండును. నాలుగు గంటల తరువాత ఒకటిన్నర రెట్లగును. ఐదు గంటల తరువాత మూడు రెట్లకు కొంచెము తక్కువగా నుండును. ఇప్పుడు కఱ్ఱకు బదులు ఏడడుగుల యెత్తుగల పందిరి పడమటి యంచును భావింపుడు. నాలుగు గంటల ప్రాంతమున ఎండ ఆ యంచు క్రిందినుండి పదిన్నర యడుగులు లోపలికి దూరును. ఐదు గంటలకు ఇరువది యడుగులు దూరును. పదియడుగుల వెడల్పుగల పందిరి వేసి, సాయంకాలము దాని క్రింద కూర్చుండలేకపోవుచున్నామని వగచువారు పందిరిని నిందింతురు. తప్పు పందిరిది గాదు. పైకప్పు ఎంత దట్టముగా నున్నను పడమటి ఎండను ఆపలేదు. పడమటివైపు తడిక కట్టవలెను, లేదా తీగలు ప్రాకింపవలెను, లేదా ఆ దిక్కున వేపనో కానుగనో నాటవలెను.

2. పందిరి

పండ్రెండడుగుల వెడల్పును పదునాఱడుగుల పొడవును గల పందిరి యొక కుటుంబమునకు చాలును. పొడవునకు ఎనిమిదేసి యడుగులకును, వెడల్పునకు ఆఱేసి యడుగులకును ఒక్కొక్క గుంజ చొప్పున మూడు వరుసలలో తొమ్మిది గుంజలు కావలెను. వరుసకొకటి చొప్పున పదునాఱడుగుల దూలములు మూడు. వానిపై రెండేసి యడుగుల యెడమున అడ్డముగా వెదురు వాసములు తొమ్మిది. వానిపై అడుగున కొకటి చొప్పున నిలువుగా బద్దల వరుసలు పదుమూడు. ఈ లెక్కను విద్యార్థులు తామే వేసి చూడవలెను. కంతలు ఎనిమిదైనపుడు వాసములు తొమ్మిది యేల యగునో తెలిసినవాడు సామాను కొనునపుడు మోసపోడు.

నాలుగు మూలలు సరిగా లంబకోణములు కానిచో వాసములు ఒకవైపు చాలవు, మఱొకవైపు మిగులును. దీనికి పరికరమక్కఱలేదు. ఒక త్రాటికి సమానమైన యెడములతో పండ్రెండు భాగములు గుర్తించి, మూడు, నాలుగు, ఐదు భాగములు భుజములుగా త్రిభుజము సాగదీసినచో, మూడు నాలుగుల నడుమ మూల లంబకోణమగును. పైథాగొరసు సిద్ధాంతమని మనము పుస్తకమున చదువునది ఇదియే. గోడ కట్టు మేస్త్రీ దానిని ఆ పేరుతో నెఱుగకపోయినను చేతితో నెఱుగును.

గుంజలకు టేకు, సండ్ర, నల్లతుమ్మ చేవ మేలు. టేకు చేవను సండ్ర చేవను చెదలు త్వరగా ముట్టవు. బెరడును దాని క్రింది తెల్లకఱ్ఱయు మొదట చెదలపాలగును గాన బెరడును చెక్కివేసిన పిదపనే పాతవలెను. అడవిలోని చెట్టును అనుమతి లేక కొట్టుట తగదు. పొలముగట్టుననున్న తుమ్మయు వేపయు ఈ పనికి చాలును.

గుంజ ఎచట కుళ్లునో గమనించితిరా? నేలలో లోతున కుళ్లదు, నడుమ కుళ్లదు, సరిగా నేలమట్టమున కుళ్లును. ఏలయన కఱ్ఱను కుళ్లించు బూజులకు తడియు గాలియు రెండును కావలెను. లోతున గాలి తక్కువ, పైన తడి తక్కువ, నేలమట్టమున రెండును సమృద్ధి. కావున గుంజకు నేలమట్టమునకు క్రింద ఒక యడుగు, పైన ఒక యడుగు మేర తారు పూసి, పాతిన పిదప మొదట మట్టిని గుట్టగా పోసి గట్టిగా దిమ్మిస చేయవలెను. వాననీరు గుంజనుండి దూరముగా జాఱిపోవును. ఏడడుగులు పైకి నిలువవలసిన గుంజను రెండున్నర యడుగులు పాతవలెను. రేగడినేల తడికి ఉబ్బి ఎండకు నెఱ్ఱెలు విచ్చునది గాన అందు మూడడుగులు పాతి, చుట్టును మొరముతో నింపుట మేలు.

ఇక గాలి. మే మాసాంతమున తొలకరికి ముందు వచ్చు గాలివానలు మన సీమలో పందిళ్లను కూల్చును. గాలి పందిరిని ప్రక్కకు త్రోయుట మాత్రమే గాదు, క్రిందినుండి పైకి ఎత్తును కూడ. కావున బరువు మోయునట్లు కట్టిన చాలదు, ఎగిరిపోకుండునట్లును కట్టవలెను. మూలగుంజల అడుగున ఒక అడ్డకఱ్ఱ బిగించి గోతిలో రాళ్లతో త్రొక్కింపవలెను. మూలలయందు గుంజకును దూలమునకును నడుమ ఏటవాలు కఱ్ఱలు బిగింపవలెను. చతురస్రపు చట్టము త్రోసిన ఒరగును. త్రిభుజపు చట్టము కఱ్ఱ విఱిగిననే గాని ఒరగదు. ఏటవాలు కఱ్ఱ చేయు పని చతురస్రమును త్రిభుజములుగా విభజించుటయే.

కప్పుటకు తాటికమ్మలు, ఈతకమ్మలు, బోదగడ్డి, జొన్నసొప్ప, కందికట్టె, ఏది దొరికిన నది వాడవచ్చును. కమ్మలలో గాలి నిలిచియుండును గాన పైన పడిన వేడి క్రిందికి దిగదు. అయితే చదునుగా వేసిన పందిరి ఎండకే గాని వానకు పనికిరాదు. వాననుగూడ ఆపవలెనన్నచో కప్పును నలువదియైదు డిగ్రీలకు తగ్గని వాలుగా కట్టవలెను. లేనియెడల నీరు కమ్మలలో నిలిచి అవి కుళ్లును. పొయ్యికి దగ్గఱగా కమ్మల పందిరి వేయరాదు. పందిరిలోనికి లాగిన కరెంటు తీగలు అతుకులు లేనివై, గొట్టములో నుండవలెను. ఎండిన కమ్మకు నిప్పురవ్వ యొకటి చాలును.

అన్నిటికంటె చల్లనైనది తీగల పందిరి. ఆకులు వేళ్లద్వారా త్రాగిన నీటిని ఆవిరిగా విడుచును; ఆ యావిరి చుట్టునున్న గాలిలోని వేడిని హరించును. సంక్రాంతి దాటిన పిమ్మట పడమటి గుంజల మొదళ్లయందు సొర, బీర, చిక్కుడు విత్తనములు పెట్టి, స్నానపు బండనుండి పాఱు నీటిని ఆ మొదళ్లకు త్రిప్పినచో ఏప్రిల్ నాటికి నీడయు, కూరయు రెండును దొరకును.

3. రేకులును స్లాబులును

నేడు మన పల్లెలలో కమ్మల పందిరికంటె రేకుల నీడయే హెచ్చు. రేకు పదేండ్లు నిలుచును, నిప్పంటుకొనదు, వానను ఆపును. దానిని విడుమని మేము చెప్పము. కాని దాని గుణమును తెలిసికొనవలెను. ఇనుపరేకు ఎండకు కాగి, ఆ వేడిని పొయ్యివలె క్రిందనున్నవారి తలపై కుమ్మరించును. గాలి చల్లగానున్నను మనిషికి సుఖముండదు. దీనికి మూడుపాయములు కలవు. మొదటిది, రేకును పదియడుగులకు తగ్గకుండ ఎత్తున బిగించుట. రెండవది, పైభాగమున తెల్లసున్నము పూయుట. తెలుపు ఎండలో చాలభాగమును త్రిప్పికొట్టును. మూడవది, రేకునకు జానెడు క్రిందుగా తడికనో చాపనో కట్టి, రెంటి నడుమ గాలి పోవుటకు ఇరుప్రక్కల త్రోవ విడుచుట. ఆ వేడి తడికవఱకు దిగి, గాలితో వెడలిపోవును. తెల్లకప్పుల గుణమును గుర్తించియే తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానము నొకదానిని ప్రకటించినది. తాతలు ఏటేట సున్నము వేయుటలోని యర్థము మనకు మఱల బోధపడుచున్నది.

రేకులపై రాళ్లు పెట్టి నిలుపుట మన పల్లెలలో అలవాటు. ఇది మిక్కిలి యపాయకరము. గాలికి రేకు లేచినచో రాయి క్రింద నిద్రించువారిపై పడును. ఎగిరిన రేకు కత్తివలె వచ్చును. కొక్కెపు బోల్టులతో బిగించుటకు అగు ఖర్చు స్వల్పము. మఱియు రాతినార కలిసిన సిమెంటు రేకులను రంపముతో కోయుటయు, పగులగొట్టుటయు కూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని చేయును. పొలమునకు వాడు పచ్చని నీడవల కూడ ముంగిళ్లలో కనబడుచున్నది. అది 50 శాతము, 75 శాతము అని అల్లిక దట్టమునుబట్టి అమ్మబడును. కూర్చుండుటకు దట్టమైనది కావలెను. గాలి దానిగుండ పోవుట గొప్ప మేలు; వాన కూడ పోవును.

4. అరుగు

పూర్వము మన పల్లెలలో అరుగులేని యిల్లు అరుదు. గల్ఫు దేశములకు పోయి కష్టించి పంపిన ధనముతో ఇటీవల కట్టబడుచున్న స్లాబు ఇండ్లలో లోపలి గదులు పెరిగినవి, అరుగు తగ్గినది. ఎత్తయిన ప్రహరీయు ఇనుపగేటును వచ్చినవి. బాటసారి కూర్చుండుటకు చోటు పోయినది. అది యటుంచి, ఇంటివారికే చోటు పోయినది. మన జిల్లాలో వేలకొలది స్త్రీలు ఇంటివద్ద బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నారు. ఆకును కత్తిరించుటకు వెలుతురు కావలెను, ఆరేడు గంటలు కూర్చుండుటకు నీడ కావలెను, వీపు ఆనుటకు గోడ కావలెను. ఈ మూడును ఒక్కచోట దొరకునది అరుగుమీదనే.

అరుగు ఎత్తు అడుగున్నరనుండి రెండడుగులు. కూర్చుండుటకు మాత్రమైనచో మూడడుగుల వెడల్పు చాలును. మంచము వేయవలెనన్నచో ఆఱడుగులు కావలెను. చుట్టును రాతికట్టు కట్టి, లోపల మొరమును జానెడేసి మందమున పోసి, తడిపి, ప్రతి పొరను దిమ్మిసతో కొట్టవలెను. ఒక్కమాఱుగా నింపి పైన బండలు పఱచినచో రెండు వానలకు బండలు క్రుంగును. మట్టిగోడకు ఆనించి మన్ను నింపినచో తడియు చెదలును గోడనెక్కును గాన, నడుమ సున్నముతో కట్టిన రాతివరుస యుండవలెను. పైబండలకు ఇంటినుండి వెలుపలికి ఆఱడుగులకు అంగుళమున్నర వాలు ఉంచవలెను. ఇది కంటికి కనబడదు, కాని నీటికి తెలియును. మెట్టు ఎత్తు ఆఱంగుళములు మించినచో ముసలివారికి కష్టము. అరుగు రెండడుగులు మించినచో చిన్నపిల్లలు పడకుండ అంచున కఱ్ఱకమ్మీలు కట్టవలెను.

మెట్టసీమలో ఇంత యెత్తు అరుగేల యని యడుగువారు 2025 ఆగస్టు 27, 28 తేదీలను జ్ఞాపకముంచుకొనవలెను. ఆనాడు కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టిలో రాజంపేట మండలపు అర్గొండయందు ఒక్కదినమున 40 సెంటీమీటర్లకు పైగా వాన పడినది. బండనేల నీటిని పీల్చుకొనదు, పడినదంతయు పాఱును. ఎండసీమలో ఇల్లు కట్టువాడు ఎండకు మాత్రమే కట్టరాదు.

అరుగునకు అడవిలోని తమ్ముడు మంచె. మక్కచేలలో నాలుగు గుంజలపై ఏడెనిమిది అడుగుల యెత్తున కట్టు ఈ వేదిక, పిట్టలను అడవిపందులను అదలించుటకు కావలివాని గద్దె. గుంజలకు పైని చెప్పిన నియమములే దీనికిని వర్తించును. ఏటవాలు కఱ్ఱలు లేని మంచె ఎక్కుట మాత్రము ప్రాణముతో జూదమాడుట.

5. కంచె

కంచెలు మూడు విధములు. మొదటిది కంప. రేగు, తుమ్మ కొమ్మలను నఱికి, మొదళ్లు లోపలికిని ముళ్లు వెలుపలికిని ఉండునట్లు పేర్చుట. ఇది అగ్గువ, కాని ఏటేట క్రొత్తగా వేయవలెను, చెదలకు ఆహారము. రెండవది ప్రాణముగల కంచె. వావిలి, సీతాఫలము, గోరింట, కిత్తనార మన చెలకలలో నీరు లేకయే బ్రదుకును. వావిలియు సీతాఫలమును మేకలు ముట్టవు. మృగశిర వానలకు రెండు వరుసలుగా, ఒకదాని సందునకు ఎదురుగా మఱొకటి వచ్చునట్లు నాటి, రెండు మూడేండ్లు కంపతో కాపాడినచో తరువాత అదియే మనలను కాపాడును. సర్కారుతుమ్మను మాత్రము నాటరాదు. అది అమెరికాఖండమునుండి వచ్చినది. 1877-78 ప్రాంతమున కడపజిల్లాలో వంటచెఱకుకొఱకై నాటబడినది. పశువులు కాయలను తిని గింజలను వెదజల్లుటచే అది దేశమంతట వ్యాపించినది. తానుగా మొలచినదానిని నఱికి కంపగా వాడుడు, చేజేతుల తేకుడు.

మూడవది తీగ కంచె. రాతికడీలనో సిమెంటుకడీలనో పదేసి యడుగులకు పాతి, ఐదు వరుసల ముళ్లతీగ లాగుదురు. ఇందు చిన్న గణితము కలదు. ఎకరమునకు 43,560 చదరపుటడుగులు. అది చతురస్రమైనచో భుజము సుమారు 209 అడుగులు, చుట్టుకొలత సుమారు 835 అడుగులు, కడీలు 84. అదే యెకరము నూఱడుగుల వెడల్పుగల పొడుగు పట్టెయైనచో చుట్టుకొలత 1,071 అడుగులు, కడీలు 107. భూమి యొక్కటే, ఖర్చు వేఱు. అన్నదమ్ములు పంచుకొనునపుడు పొడుగుగా చీల్చుకొనుటవలన ప్రతివాడును కంచెకు హెచ్చుగా నిచ్చుకొనుచున్నాడు. ఇరుగుపొరుగువారు గట్టుమీది కంచెను కలిసి వేసికొన్నచో ఆ నష్టము కొంత తీఱును. తీగను లాగు బలమంతయు మూలకడీలపై పడును గాన, వానిని మూడడుగులు పాతి, లోపలినుండి ఏటవాలు కడీతో ఊతమీయవలెను.

ఇచట మేము గట్టిగా చెప్పవలసిన మాట యొకటి కలదు. అడవిపందుల బాధకు తాళలేక కొందఱు రైతులు చేను చుట్టు ఇనుపతీగ కట్టి, ఇంటి కరెంటును నేరుగా దానికి తగిలించుచున్నారు. ఈ తీగలకు తగిలి తెలంగాణలో ఎందఱో రైతులు, కూలీలు, కాపరులు, తుదకు తీగ కట్టిన యింటివారే మరణించిరి. ఇంటి కరెంటు 230 వోల్టుల బలముతో ఎడతెగక ప్రవహించును. అది తగిలిన చేతికండరములు బిగిసికొని, మనిషి విడువదలచినను విడువలేడు. తడినేలపై వట్టికాళ్లతో నున్నవాని గుండె క్షణములలో ఆగును. సౌరకంచె యనునది వేఱు. దాని యంత్రము సెకనునకు ఒక్కమాఱు చొప్పున, ఱెప్పపాటులో శతాంశము కూడ లేని తాకిడి నిచ్చి ఆగును. జంతువు బెదరును, చావదు. మనిషి చేయి తీసికొనుటకు వ్యవధి యుండును. ఈ భేదము తెలియక, అంతయు కరెంటే గదా యనుకొనుట ఘోరము. ఇంటి కరెంటును కంచెకు పెట్టుట చట్టమున నేరము. అంతకంటె ముందు, తెల్లవాఱుజామున పొరుగువాని కొడుకు నడచివచ్చు గట్టుమీద ఉరి పన్నుట. విద్యార్థులారా, మీ యింట నిట్టి తీగ యున్నచో మీ తండ్రితో ఈ మాట చెప్పుడు. చెప్పుటకు జంకినచో ఈ పుట చూపుడు.

6. ఇతర దేశములవారు

నిజమైన ఎడారులలోని జనులు ఏమి చేయుచున్నారు? అమెరికాలోని అరిజోనాయందు సోనోరా ఎడారిలో వసించు తొహోనో ఓఓధాము జనులు మెస్కీటు గుంజలపై సగువారో జెముడు లోపలి కఱ్ఱలు పఱచి, పైన ఆకులలములు కప్పి, గోడలులేని పందిరి వేసికొందురు. వేసవి వంటయు నిద్రయు దాని క్రిందనే. ఆ సీమలో ఒకోటియో యను ముళ్లమొక్క కొమ్మలను నఱికి వరుసగా పాతినచో అవి వేళ్లూని ప్రాణముగల కంచెయగును. మన పందిరికిని వావిలి కంచెకును వారు ఎన్నడును మనలను చూడకయే జోడు కట్టిరి. మన దేశములోని థారు ఎడారివారికి ఆధారమైన చెట్టు ఖేజ్డీ; రాజస్థానపు రాష్ట్రవృక్షమది. మన తెలంగాణ రాష్ట్రవృక్షమైన జమ్మి మఱేమి గాదు, ఆ ఖేజ్డీయే. మెస్కీటును, సర్కారుతుమ్మయు, జమ్మియు దగ్గఱి చుట్టములు. ఎండ యెక్కడనున్నను ఒక్కటే పాఠము చెప్పును: పైని నీడ, ప్రక్కల గాలి, క్రింద ఎత్తైన నేల.

కడపటి మాట. నీడ ఎచట వేయవలెనో నిర్ణయించువారు సాధారణముగా ఇంటి పురుషులు. ఆ నీడలో దినమంతయు గడుపువారు స్త్రీలును, ముసలివారును, పసివారును. బండి నిలుపుటకు అనుకూలమైన చోట రేకులు వేసి, బీడీచాట పట్టుకొని తల్లి ఎండవెంట గోడ మార్చుకొనుచుండుట మేము పెక్కు ఇండ్లలో చూచితిమి. కావున గుంజకు గోయి త్రవ్వకముందు ఒక పని చేయుడు. మధ్యాహ్నము మూడు గంటలకు మీ యింట ఎవరు ఎచట కూర్చుండుచున్నారో నాలుగు దినములు గమనింపుడు, వారినే అడుగుడు. మాఘమాసమున సామాను కూర్చుకొని, ఫాల్గుణమున గుంజలు పాతినచో, ఉగాదికి పందిరి సిద్ధమగును. పడమటి తడికను మాత్రము మఱవకుడు.